సంపాదిస్తూ దేవునికి దాసులుగా ఉండడం ఎలా

డబ్బు విశ్వాసిని ఒక్క రోజులో పడగొట్టడం అరుదు. జీతం పెరుగుతుంది, దాని వెంటే ఖర్చు పెరుగుతుంది, బాధ్యతలు పెరుగుతాయి, ప్రార్థన వాయిదా పడుతుంది. విత్తువాని ఉపమానంలో ముండ్ల పొదల్లో పడిన గింజ సంగతి ఇదే (లూకా 8:14). ఆ మొక్కను ఎవరూ తొక్కలేదు, పక్షులు తినలేదు. పక్కనే పెరిగిన చింతలు, ధనభోగాలు దాన్ని అణిచేశాయి. అది బతికే ఉంది, ఫలం మాత్రం పండలేదు.

ఈ మార్గదర్శిని ఉద్యోగం, వ్యాపారం, కుటుంబం వదలకుండా లోకంలోనే బతుకుతూ ప్రభువును వెంబడించాలనుకునే వారి కోసం. లూదియ ఊదారంగు బట్టలు అమ్మేది, పౌలు డేరాలు కుట్టేవాడు, దానియేలు రాజుల కొలువులో పనిచేశాడు. సంపాదన పాపమని వారిలో ఎవరి జీవితమూ చెప్పదు. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: డబ్బు చేతికి రాకముందే దాని గురించి నిర్ణయం తీసుకోవాలి. చేతికి వచ్చాక తీసుకునే నిర్ణయంలో సగం డబ్బే తీసుకుంటుంది.

1. ముందు లెక్క తీయండి

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు దగ్గర పెట్టుకోండి. చేతి ఖర్చులు గుర్తున్నంతవరకు రాయండి. ప్రతి ఖర్చునూ ఐదు వరుసల్లో ఒకదానిలో వేయండి: ఇల్లు గడవడానికి అయినది, అప్పుల వాయిదాలు, ఇతరులకు ఇచ్చినది, దాచినది, మిగతావి. ఆ "మిగతావి" మొత్తంలో పదో వంతు దాటితే దాన్ని మళ్లీ విడగొట్టండి. జవాబు చెప్పుకోవడానికి ఇష్టంలేని ఖర్చులన్నీ సాధారణంగా అక్కడే చేరతాయి.

ఒక్క నెల లెక్క మోసం చేస్తుంది. బీమా, ఫీజులు, మరమ్మతులు, వేడుకలు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి. వాటన్నిటినీ కూడి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. ఈ పని చేయనివారు ప్రతి ఏడాదీ అవే ఖర్చులను "అనుకోకుండా వచ్చాయి" అంటూ అప్పు చేస్తారు, లేదా కానుకకు పెట్టిన డబ్బు తీసేస్తారు.

డబ్బుతో పాటు ఒక వారం సమయం లెక్క కూడా రాయండి. పనికి ఎన్ని గంటలు, ప్రయాణానికి ఎన్ని, ఫోన్‌కు ఎన్ని, ఇంటివారితో ఎన్ని, వాక్యం ప్రార్థనలకు ఎన్ని. దాని పక్కన ఒక చిన్న వరుస పెట్టి, నిద్ర పట్టని రాత్రి మనసు దేని దగ్గరికి వెళ్లిందో ఒక్క మాటలో రాయండి. నీ ధనం ఎక్కడ ఉంటే నీ హృదయమూ అక్కడే ఉంటుందని ప్రభువు అన్నాడు (మత్తయి 6:21). బ్యాంకు కాగితం కంటే ఈ వరుస ఆ సంగతి తేటగా చూపిస్తుంది.

రాస్తున్న రోజుల్లోనే అలవాట్లు మార్చేయాలని తొందరపడకండి. మార్చిన లెక్క మీ అసలు జీవితాన్ని చూపించదు. భార్యాభర్తలైతే ఇద్దరి లెక్కలూ ఒకే కాగితం మీదికి రావాలి. ఒకరికి తెలియని ఖాతా ఇంకొకరికి ఉంటే, మిగతా మెట్లన్నిటి కంటే ముందు దాన్ని బయటపెట్టాలి.

2. అన్యాయంగా వచ్చినది తిరిగి ఇవ్వండి

కానుకల గురించి ఆలోచించే ముందు ఈ మెట్టు దాటాలి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, వెళ్లి సహోదరునితో సమాధానపడి, తర్వాత రమ్మన్నాడు ప్రభువు (మత్తయి 5:23-24). జక్కయ్య పేదలకు సగం ఆస్తి ఇస్తానని అక్కడితో ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని కూడా అన్నాడు (లూకా 19:8). ధర్మశాస్త్రం ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నది ఇచ్చి, దాని మీద ఐదో వంతు కలపాలి (సంఖ్యాకాండము 5:7). జక్కయ్య అంతకంటే చాలా బరువైన కొలత ఎంచుకున్నాడు.

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ఎవరికి, ఎంత, ఏ తేదీలోపు. ఎగ్గొట్టిన అప్పు, దాచిన పన్ను, ఆలస్యం చేసిన కూలి, తూకంలో చేసిన మోసం, పంచుకోవలసిన ఆస్తిలో తోబుట్టువుకు తగ్గించిన వాటా, అన్నీ ఇందులోకి వస్తాయి. అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వడం మంచి కొలత. ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాల మాట వారికే నేరుగా చెప్పండి. ఇవ్వవలసిన మనిషి చనిపోతే వారసులకు ఇవ్వండి. పన్ను విషయాలు, ఆఫీసు డబ్బు విషయాలు చట్టంతో ముడిపడి ఉంటాయి కాబట్టి ముందు లెక్కల నిపుణుణ్నో న్యాయవాదినో కలవండి. ఒప్పుకోవాలా వద్దా అని అడగడానికి వెళ్లకండి. ఏ దారిలో ఒప్పుకోవాలో తెలుసుకోవడానికి వెళ్లండి.

మీ దగ్గర ఎవరైనా పనిచేస్తుంటే వారి జీతం తేదీ ఈ రోజే ఖాయం చేయండి. కూలివాని జీతం మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతుంది, బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తుంది. సంఘానికి పెద్ద కానుక ఇచ్చి, ఇంట్లో పనిచేసే మనిషి జీతం పదో తేదీ దాకా ఆపడం చాలా ఇళ్లలో జరుగుతోంది. పనిచేసిన మనిషికి అది అన్యాయం, ఆ కానుకకు మచ్చ.

3. "ఇంత చాలు" అని గీత గీయండి

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. దీన్ని దాటవేస్తే మిగతావన్నీ కొద్ది నెలలకే సడలిపోతాయి.

ఇంగ్లండుకు చెందిన ప్రసంగీకుడు జాన్ వెస్లీ తన ప్రసంగంలో, ఆక్స్‌ఫర్డ్‌లో క్రమశిక్షణతో భక్తి సాధన చేసిన మెథడిస్టుల గుంపులో ఒకరి లెక్క చెప్పాడు. ఆయన ఏడాది రాబడి 30 పౌండ్లు. 28తో బతికి 2 ఇచ్చేశాడు. తర్వాతి ఏడాది 60 వచ్చాయి, అయినా 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 వచ్చినప్పుడు 62, 120 వచ్చినప్పుడు 92 ఇచ్చాడు. ఆ 28 మీద అందరూ నిలబడలేరు. పిల్లలున్నవారికి, ముసలి తల్లిదండ్రులున్నవారికి ఆ గీత జరుగుతుంది. కానీ రాబడి పెరగకముందే గీత గీసి ఉంచడం ఎవరికైనా సాధ్యం.

గీత గీయడం ఇలా. మీ నెల రాబడిని వంద పాళ్లు అనుకోండి. మొదటి మెట్టులో తీసిన లెక్క ప్రకారం ఇల్లు గడవడానికి 55, ఏడాది ఖర్చుల నెల వాటా 8, అప్పుల వాయిదాలు 12 అయ్యాయనుకుందాం. మొత్తం 75. ఇవ్వడానికి 10, దాచడానికి 10 తీస్తే 95. మిగిలిన 5 పాళ్లు ఇంట్లో సరదాలకు, లెక్క అడగని ఖర్చుకు ఉంచండి. అది కూడా తీసేసి కట్టుదిట్టం చేసిన ఇళ్లు మూడో నెలలో విసిగిపోయి మొత్తం పద్ధతినే వదిలేస్తాయి. మనం అనుభవించడానికి దేవుడు సమస్తాన్నీ ధారాళంగా దయచేస్తాడని పౌలు ధనవంతులకే రాశాడు (1 తిమోతి 6:17). పిల్లలతో కలిసి సంతోషంగా ఖర్చుపెట్టిన చిన్న మొత్తానికి అపరాధభావం అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. ఇంటి ఖర్చు, ఏడాది ఖర్చులు, సరదా కలిపి 68 పాళ్లు. ఈ మొత్తాన్ని మీ డబ్బు లెక్కలోకి మార్చి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం చేయండి. దాని కింద ఒక్క వాక్యం రాయండి: "రాబడి పెరిగితే, పెరిగిన దానిలో సగం ఇవ్వడానికి, పావు దాచడానికి, పావు ఇంటికి." ధరలు పెరిగినంత మేరకు ఏడాదికోసారి గీతను సవరించుకోవచ్చు. పైన చెప్పిన ఇంటికి రాబడి 20 పాళ్లు పెరిగితే 10 కానుకలకు, 5 పొదుపుకు, 5 ఖర్చుకు వెళ్తాయి. ఇచ్చేది నూటికి 10 నుంచి 120కి 20 అయింది, అంటే పదో వంతు కాస్తా ఆరో వంతు అయింది. ఇంటి ఖర్చు కూడా కొంచెం సులువైంది. ఎవరూ నలగలేదు.

జీతం పెరిగిన నెలలోనే ఈ ఏర్పాటు బ్యాంకులో మార్చేయాలి. రెండు మూడు నెలలు ఆగితే ఆ పెరుగుదల ఇంటి అలవాటుగా మారుతుంది, తర్వాత దాన్ని తీయడం జీతం కోసినంత బాధగా ఉంటుంది.

"మా అవసరాలే వందకు 95 అవుతున్నాయి" అనేవారు ఉంటారు. అందులో కొందరికి అది నిజమైన పేదరికం. వారు సంఘం దగ్గర సహాయం పుచ్చుకోవడానికి సిగ్గుపడకూడదు. మరికొందరికి అది ఇంటి పరిమాణం, వాహనం, బడి, ఈ మూడింటిలో ఏదో ఒకటి గీతకు మించి ఉండడం వల్ల వస్తుంది. చిన్న చిన్న ఖర్చులు ఎంత కోసినా ఇది సరికాదు. ఆ మూడింటిలో ఒకటి మార్చాలి. దానికి ఏడాది గడువు పెట్టుకోండి.

4. ఇవ్వడం: ముందుగా, క్రమంగా, రహస్యంగా

ఆదివారమునాడు ప్రతివాడూ తాను వర్ధిల్లిన కొలది తన దగ్గర కొంత తీసి నిలవచేయాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీయులకు 16:2). ఒక్క వచనంలో మూడు సంగతులున్నాయి: క్రమం, ప్రతి ఒక్కరూ, వచ్చిన దాన్ని బట్టి. రాబడి వచ్చిన రోజే ఈ మొత్తం వేరే ఖాతాకు పోయేలా పెట్టండి. నెలాఖరున మిగిలినది ఇద్దామనుకుంటే మిగలదు.

ఎంత అన్న ప్రశ్నకు దశమభాగం పాత, మంచి కొలత. అయితే పాత నిబంధనలో దశమభాగం ఒకే పద్దు కాదు. లేవీయుల పోషణకు ఒకటి ఉంది (సంఖ్యాకాండము 18:21). కుటుంబమంతా దేవుని సన్నిధిలో తిని సంతోషించడానికి వాడినది ఉంది, మూడేళ్లకోసారి పరదేశులకు, తండ్రిలేని వారికి, విధవరాండ్రకు ఊళ్లోనే నిలవచేసినది ఉంది (ద్వితీయోపదేశకాండము 14:22-29). అంటే ఆరాధన, ఆనందం, పేదల ఆకలి మూడూ ఆ లెక్కలో ఉన్నాయి. మీ పది పాళ్లలో సగం సంఘానికి, మూడు పాళ్లు మీకు పేరు తెలిసిన పేదవారికి, రెండు పాళ్లు అనుకోకుండా ఎదురయ్యే అక్కరకు కేటాయిస్తే మంచి ఆరంభం. ఆ చివరి రెండు పాళ్లు నగదుగా విడిగా ఉంచండి. చేయి చాచిన మనిషి ఎదురైనప్పుడు ఆ డబ్బు సిద్ధంగా ఉండాలి.

పదితో మొదలుపెట్టలేనివారు రెండుతో మొదలుపెట్టి ఆరు నెలలకోసారి ఒక పాలు పెంచండి. ఎవరికి ఉన్న కొలదిని బట్టే అది అంగీకారమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదు (2 కొరింథీయులకు 8:12). ఇదే మాట ధనవంతుడి మీద ఎదురు తిరుగుతుంది. వంద ఇళ్లకు సరిపడే రాబడి ఉన్నవాడు పదో వంతు ఇచ్చి తన బాధ్యత తీరిందనుకోకూడదు. విధవరాలి రెండు కాసుల దగ్గర ప్రభువు ఎంత మిగిలింది అన్నదే చూశాడు (మార్కు 12:41-44).

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు చెప్పాలి. మొదటిది, సభలో మనసు కదిలి అక్కడికక్కడే పెద్ద మొత్తం మాట ఇవ్వడం. నెలవారీ ఇచ్చే దానికి మించి ఏది ఇవ్వాలన్నా ఏడు రోజులు ప్రార్థించి, ఇంటివారితో మాట్లాడి ఇవ్వండి. సణుక్కోకుండా, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకొని ఇవ్వమన్నాడు పౌలు (2 కొరింథీయులకు 9:7). నిశ్చయానికి సమయం పడుతుంది. రెండోది, అప్పు తెచ్చి, క్రెడిట్ కార్డు మీద కానుక ఇవ్వడం. అప్పిచ్చినవాడి డబ్బు మీరు దేవునికి అర్పించలేరు.

మూడోది అన్నిటికంటే హానికరం. ఇంత ఇస్తే దేవుడు ఇన్నింతలు తిరిగి ఇస్తాడన్న లెక్కతో ఇవ్వడం. మలాకీ 3:10లో దేవుడు నన్ను శోధించి చూడండి అన్న మాట, ఆలయ భాండాగారంలో ఆహారం కొరతపడిన ఇశ్రాయేలుతో అన్నది. దాన్ని ఒక్కో మనిషికి వడ్డీ హామీగా మార్చడం వాక్యాన్ని వంచడమే. ఆ ఆశతో ఇచ్చినవారు తిరిగి రానప్పుడు తమ విశ్వాసం చాలలేదని కుమిలిపోతారు, అప్పులపాలవుతారు, చివరికి దేవుని మీదే అలుగుతారు. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలోనే ధారాళంగా ఇచ్చాయి (2 కొరింథీయులకు 8:2). వారు తర్వాత ధనవంతులయ్యారని పౌలు ఎక్కడా చెప్పలేదు.

తల్లిదండ్రుల పోషణ మానేసి దేవునికి ఇచ్చేశాననడం కూడా ప్రభువు గట్టిగా గద్దించిన సంగతి (మార్కు 7:9-13). వారి మందులు, తిండి ఇంటి ఖర్చులో ముందే ఉండాలి.

ఇచ్చే చోట లెక్కలు అడగడం అవిశ్వాసం కాదు. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్ము విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా పౌలు ఇతర సహోదరులను కూడా వెంటబెట్టుకున్నాడు, మనుష్యుల దృష్టికి కూడా యోగ్యమైనవి చేయాలని ఆలోచించాడు (2 కొరింథీయులకు 8:18-21). సంఘం ఏడాదికోసారి రాబడి, ఖర్చు చదివి వినిపిస్తుందా, డబ్బు మీద ఒక్కరి సంతకమే ఉందా, ఇద్దరిదా అని మర్యాదగా అడగండి. లెక్క అడిగినందుకు శాపం చెప్పే చోట ఇవ్వడం ఆపండి.

5. అప్పు, పూచీ

అప్పుచేసినవాడు అప్పిచ్చినవాడికి దాసుడు (సామెతలు 22:7). ఎవడూ ఇద్దరు యజమానులకు దాసుడుగా ఉండలేడన్న ప్రభువు మాటను (మత్తయి 6:24) అక్షరాలా అనుభవించేది అప్పులో ఉన్నవాడే. ఆదివారం పని వద్దనలేడు, తప్పుడు కాగితం మీద సంతకం చేయనని చెప్పలేడు, ఉద్యోగం పోతే వాయిదా ఎలా కట్టాలన్న భయం నోరు నొక్కేస్తుంది. అందుకే అప్పు తీర్చడాన్ని ఆత్మీయ పనిగానే చూడండి.

అప్పులన్నీ వడ్డీ రేటు వరుసలో రాయండి. అన్నిటికీ కనీస వాయిదా కట్టి, మిగిలిన ప్రతి పైసా అత్యధిక వడ్డీ ఉన్నదాని మీద పెట్టండి. అది తీరగానే ఆ వాయిదా మొత్తాన్ని తర్వాతిదానికి కలపండి. బంధువు దగ్గర వడ్డీ లేకుండా తెచ్చినది చివరికి నెట్టకండి. ఆ మనిషికి ఇప్పుడు అవసరం ఉందేమో అడగండి, ఉంటే దాన్ని ముందుకు తేండి. కొత్త అప్పు చేసే ముందు వాయిదాలన్నీ కలిపి రాబడిలో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. ఇది వాక్యంలోని కొలత కాదు, నడిచే కొలత మాత్రమే. ఇల్లు కొనేటప్పుడు అంతకు మించవచ్చు, అప్పుడు మిగతా అప్పులేవీ ఉండకూడదు.

ఇతరులకు పూచీ ఉండడం గురించి సామెతల గ్రంథం పదేపదే హెచ్చరిస్తుంది (6:1-5, 11:15, 22:26-27). సంతకం అడిగిన సహోదరునికి ఇలా చెప్పండి: "పూచీ సంతకం పెట్టను. నా చేతిలో ఇంత ఉంది, ఇది తీసుకో, తిరిగి ఇవ్వనక్కర్లేదు." మీరు పోగొట్టుకోగలిగినంతే ఇస్తున్నారు, స్నేహం మిగులుతుంది.

6. దాచడానికి కారణం, హద్దు

ఎడారిలో మన్నాను మర్నాటికి దాచితే పురుగులు పట్టింది. ఆరో రోజున రెండింతలు కూర్చుకొని విశ్రాంతి దినానికి ఉంచితే చెడలేదు (నిర్గమకాండము 16:20-24). మన్నా ఒకటే. ఒకటి నమ్మకం లేక దాచినది, ఇంకొకటి దేవుడు చెప్పి దాయించినది. యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లలో ఐదో వంతు తీయించి కరవులో జనాన్ని బతికించాడు (ఆదికాండము 41:34-36). లూకా 12లోని ధనవంతుడూ పెద్ద కొట్లు కట్టాలనుకున్నాడు. అతని మాటల్లో నా పంట, నా కొట్లు, నా ప్రాణం తప్ప వేరే మనిషి లేడు.

కాబట్టి దాచే ప్రతి మొత్తానికీ ఒక పేరు, ఒక అంకె పెట్టండి. ఇల్లు గడిచే ఖర్చుకు ఆరు నెలలకు సరిపడేది మొదటిది, రాబడి నిలకడగా లేనివారికి తొమ్మిది నెలలు. తర్వాత పిల్లల చదువు, వృద్ధాప్యం. ఆ అంకె నిండాక దానికి పోసేది ఆపి, ఆ పాళ్లను ఇవ్వడం వైపు తిప్పండి. పేరు లేకుండా పెరిగే పొదుపు దగ్గరే భయం కాపురం పెడుతుంది. ఎంత ఉన్నా ఇంకొంచెం ఉంటే నిశ్చింత అనిపిస్తుంది.

పెట్టుబడి పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ లాభం ఎవరి నష్టం నుంచి వస్తోంది? ఈ వ్యాపారం గురించి సంఘంలో నిలబడి చెప్పగలనా? తొందరపడమని నన్ను ఎవరైనా నెడుతున్నారా? సహోదరుడని నమ్మి, కాగితం చూడకుండా సంఘంలో పరిచయమైనవారి పథకాల్లో డబ్బు పెట్టి పోగొట్టుకున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ప్రార్థన చేసే మనిషి తెచ్చిన పథకానికి కూడా కాగితాలు చదవాలి.

7. పనిచేసే చోట

దానియేలు మీద నేరం వెతికినవారికి రాజ్య వ్యవహారాల్లో ఏ తప్పూ దొరకలేదు (దానియేలు 6:4). తర్వాతే వాళ్లు అతని ప్రార్థన మీదికి వెళ్లారు. పనిలో అలసత్వం ఉన్నవాడు విశ్వాసం కోసం నిలబడితే దానికి బరువుండదు. కాబట్టి మొదట సమయానికి వెళ్లండి, పని పూర్తిచేయండి, ఎదుటివారి శ్రమను మీ పేరు మీద రాసుకోకండి.

తర్వాత, మీ వృత్తిలో ఎక్కడ ఒత్తిడి వస్తుందో మూడు నాలుగు సందర్భాలు ముందే రాసుకోండి. లంచం, దొంగ బిల్లు, నాణ్యత దాచి అమ్మడం, పై అధికారి కోసం అబద్ధం. ప్రతిదానికీ ఒక చిన్న వాక్యం సిద్ధం చేసి పైకి పలికి అలవాటు చేసుకోండి. "నేను చేసిన ఖర్చుకే బిల్లు పెడతాను." "ఈ అంకె మీద సంతకం చేయలేను, సరైన అంకెతో ఇప్పుడే తయారుచేసి ఇస్తాను." "వస్తువులో ఈ లోపం ఉంది, ఆ మేరకు ధర తగ్గించాను." ఉపన్యాసం అక్కర్లేదు, ఎదుటివారిని అవమానించనక్కర్లేదు. వెంటనే ఒక దారి చూపిస్తే చాలాసార్లు గొడవ అక్కడితో ఆగుతుంది. దానియేలు కూడా రాజు భోజనం వద్దన్నప్పుడు పది రోజులు పరీక్షించి చూడమని ఒక దారి చూపించాడు (దానియేలు 1:12).

ప్రతిసారీ ఆగదు. కొన్నిసార్లు పదోన్నతి పోతుంది, కొన్నిసార్లు ఉద్యోగమే పోతుంది. ఆరు నెలల ఖర్చు దాచమన్నది అందుకే. ఆ డబ్బు చేతిలో ఉన్నవాడు కాదనగలడు.

పదోన్నతి వచ్చినప్పుడు జీతంతో పాటు అది తీసుకునే గంటలు కూడా రాసి చూడండి. వారానికి ఎన్ని రాత్రులు ఇంటికి దూరం, ఆరాధనకు ఎన్ని వారాలు గైర్హాజరు, ఎవరి దగ్గర తలవంచాలి. ఒక పెద్ద విశ్వాసికి ఆ కాగితం చూపించి, వారం ఆగి, అప్పుడు జవాబు ఇవ్వండి.

విశ్రాంతి దినం సంగతి కూడా ఇందులోదే. వారానికి ఒక రోజు సంపాదన ఆపండి. ముందు రోజు సాయంత్రమే ఆఫీసు సందేశాలు మూసేయండి, అత్యవసరమైతే ఎవరిని పిలవాలో చెప్పి ఉంచండి. ఆసుపత్రి, రవాణా లాంటి పనుల్లో ఉన్నవారికి అది ఆదివారం కాకపోవచ్చు, ఇంకో రోజు ఖాయం చేసుకోండి. మీ కింద పనిచేసేవారికి కూడా ఆ రోజు ఇవ్వండి. ఆజ్ఞలో దాసుడు, దాసి, పశువు కూడా ఉన్నారు (నిర్గమకాండము 20:10).

8. ఇంట్లో, సంఘంలో

నెలకోసారి, రాబడి వచ్చిన వారంలో, ముప్పావు గంట భార్యాభర్తలు లెక్క దగ్గర కూర్చోండి. ప్రార్థనతో మొదలుపెట్టండి, పోయిన నెల గీత దాటామా చూడండి, వచ్చే నెల ఒకే ఒక మార్పు ఒప్పుకోండి. కోపంగా ఉన్న రోజు కూర్చోకండి. ఒకరు ఎక్కువ ఇవ్వాలని, ఒకరు దాచాలని అనుకుంటే తక్కువ అంకెతో మొదలుపెట్టండి. ఒక మనసుతో ఇచ్చిన చిన్న మొత్తం ఇంట్లో సమాధానం ఉంచుతుంది, తర్వాత అది పెరుగుతుంది. భాగస్వామి విశ్వాసి కాకపోతే వారి సంపాదన మీద దశమభాగం పట్టుబట్టకండి. మీ చేతికి వచ్చే దానిలోంచే ఇవ్వండి.

పిల్లలకు ఇచ్చే చేతి డబ్బుకు మూడు డబ్బాలు పెట్టండి: ఇవ్వడానికి, దాచడానికి, ఖర్చుకు. వారు ఇచ్చేది ఎవరికి చేరిందో కళ్లతో చూడనివ్వండి. ఏది కొనడం లేదో వారికి చెప్పేటప్పుడు "మన దగ్గర డబ్బు లేదు" అని అబద్ధం చెప్పకండి. "ఆ డబ్బు ఫలానా పనికి పెట్టాం" అని చెప్పండి.

సంఘంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి ఆసనం, పేదవాడికి నిలబడే చోటు చూపడాన్ని యాకోబు తప్పుపట్టాడు (యాకోబు 2:2-4). మీరు ఉన్నవారైతే పెద్ద కానుక ఇచ్చిన చోట అధికారం తీసుకోకండి. శిలాఫలకం మీద పేరు వద్దని ముందే చెప్పండి. మీకంటే తక్కువ రాబడి ఉన్న ఒక కుటుంబంతో నెలకోసారైనా కలిసి భోంచేయండి. మనిషి తన అవసరాలను చుట్టూ ఉన్నవారిని చూసి కొలుచుకుంటాడు. చుట్టూ మరింత ధనవంతులే ఉంటే మీ గీత ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది.

9. మూడు నెలలకోసారి, రాబడి తగ్గినప్పుడు

మూడు నెలలకోసారి మొదటి మెట్టు కాగితం పక్కన కొత్తది పెట్టి చూడండి. ఇచ్చిన వంతు పెరిగిందా, నిలిచిందా? ప్రార్థన గంటలు ఎటు కదిలాయి? నిద్ర పట్టని రాత్రి మనసు ఇంకా అదే చోటికి వెళ్తోందా? ఈ మూడు నెలల్లో నేను అబద్ధం ఆడవలసి వచ్చిందా? ఈ జవాబులు నమ్మకమైన ఒకరికి చదివి వినిపించండి. ఆ మనిషి మీ దగ్గర పనిచేసేవారో, మీకు బాకీ ఉన్నవారో కాకూడదు.

గీత దాటిన నెలలు వస్తాయి. అలాంటప్పుడు వెనకటి నెలల లోటు మొత్తం పూడ్చాలని చూడకండి, వచ్చే నెల నుంచి మళ్లీ గీత మీదికి రండి. అననీయ, సప్పీరాలు డబ్బు ఉంచుకున్నందుకు పడిపోలేదు. పొలం అమ్మాక కూడా సొమ్ము నీ వశంలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు (అపొస్తలుల కార్యములు 5:4). అంతా ఇచ్చామని చెప్పిన అబద్ధమే వారిని పడగొట్టింది. తక్కువ ఇచ్చిన నెల తక్కువే ఇచ్చానని రాయండి.

రాబడి తగ్గినా, ఆగినా కోసే వరుస ఇది. మొదట సరదా పాళ్లు, తర్వాత కొత్త పొదుపు, తర్వాత ఇంటి ఖర్చులో వాయిదా వేయగలిగినవి. కానుక అంకె తగ్గుతుంది కానీ వంతు అలాగే ఉంటుంది, ఎందుకంటే అది వచ్చిన దానిలో వంతు మాత్రమే. ఏమీ రాని నెల ఏమీ ఇవ్వనక్కర్లేదు. మీ దగ్గర పనిచేసేవారి జీతం, తల్లిదండ్రుల మందులు చివరి దాకా ముట్టుకోకండి. పొదుపు రెండు నెలల ఖర్చుకు దిగేలోపు సంఘ పెద్దలకు చెప్పండి. అప్పటిదాకా మీలాంటివారు ఇచ్చినది ఇలాంటి రోజుకే అక్కడ ఉంది, తీసుకోండి.